చదును పాదం ఆపరేషన్: తీగ చాలా, ప్లేటు కావాలా?

ప్రశ్న (13 ఏళ్ల అబ్బాయి తండ్రి):
మా వాడికి రెండు పాదాలూ చదునే. మునివేళ్ల మీద నిలబడితే వంపు కనిపిస్తుంది, మామూలుగా నిలబడితే మాయమవుతుంది. చాలాకాలంగా నొప్పి. బూట్లలో మెత్తలు వేశాం, పిక్క సాగదీసే వ్యాయామాలు చేయించాం. అయినా ఆటల పీరియడులో పక్కన కూర్చుంటున్నాడు. మడమ ఎముకను కోసి, మధ్యలో ఎముక ముక్క పెట్టి పొడిగించాలని ఇద్దరు డాక్టర్లూ అన్నారు. ఆ ముక్క కదలకుండా పట్టడానికి ఒకరు సన్నని లోహపు తీగ చాలంటారు, ఇంకొకరు టైటానియం ప్లేటు ఉండాలంటారు. ఖర్చులో చాలా తేడా ఉంది. ఏది మేలు?

జవాబు (ఎముకల వైద్యుడు):
ఇద్దరూ చెబుతున్నది ఒకే ఆపరేషనండీ. 1975లో ఇవాన్స్ అనే సర్జన్ వివరించినది, 1995లో మోస్కా అనే సర్జన్ మెరుగుపరిచినది. చిటికెన వేలి వైపు, మడమ ఎముకను దాని ముందు కీలుకు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల వెనుక కోసి, ఆ సందులో ముక్కను బిగిస్తారు. పాదం బయటి అంచు పొడవు పెరగడంతో ముందు భాగం లోపలికి తిరిగి వంపు లేస్తుంది. వంకర దిద్దేది ఆ ముక్కే. అది అతుక్కునేదాకా కాపలా కాయడమే తీగ పనీ, ప్లేటు పనీ.

తీగకు ఇంకో పని కూడా ఉంది. కోతను విడదీసేటప్పుడు మడమ ఎముక ముందు ముక్క, దాని ముందున్న క్యూబాయిడ్ ఎముక మీద నుంచి పైకి జారిపోవచ్చు. అలా జారకుండా ముందుగా ఆ కీలు గుండా తీగ దింపి, ముక్క పెట్టాక దాన్నే వెనక్కి పొడిగిస్తారు. ప్లేటు కోతను పట్టుకుంటుంది గానీ ఆ కీలును దాటదు. అందుకే ప్లేటు వేసేవారిలో కొందరు ఆపరేషన్ సమయంలో తాత్కాలికంగా తీగ కూడా వాడతారు. కాబట్టి ప్లేటు చెప్పిన డాక్టరు గారిని అడగవలసిన మొదటి ప్రశ్న: ‘కీలు జారకుండా ఏం చేస్తారు?’

తీగ కొస చర్మం బయట, పిండికట్టు లోపల ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఓపీలోనే లాగేస్తారు, రెండో ఆపరేషన్ ఉండదు. తీగ చుట్టూ చీము పట్టడం దీని బెడద. కట్టు తడవకూడదు, జ్వరం గానీ దుర్వాసన గానీ ఉంటే ఆగకుండా చూపించాలి. ప్లేటుకు ఈ బాధ లేదు, ముక్క నలిగి కుంగిపోకుండా గట్టిగా పడుతుంది. అయితే అక్కడ చర్మం పలుచన, పక్కనే స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు), పాదం బయటి అంచుకు స్పర్శనిచ్చే సురల్ నరం. ప్లేటు ఒరుసుకుంటే తర్వాత తీయించాల్సి వస్తుంది. బరువైన పిల్లలకూ, పెద్దవాళ్లకూ, ముక్క గట్టిదనం మీద అనుమానం ఉన్నప్పుడూ నేను ప్లేటు వైపే మొగ్గుతాను. సన్నగా ఉండే 13 ఏళ్ల పిల్లవాడికి, చేయి తిరిగిన సర్జన్ తీగ చాలంటే నేనైతే అభ్యంతరం చెప్పను.

జవాబు (ఒక తల్లి):
మా అమ్మాయికి తీగే వేశారండీ. తీసేటప్పుడు ఒక్కసారి అరిచింది, అంతే. అసలు ఏడిపించింది నడుము పక్క ఎముక నుంచి ముక్క తీసిన చోటు. ముక్క ఎక్కడి నుంచి తీస్తారో కూడా అడగండి. దాత ఎముక వాడితే ఆ గాయం ఉండదట, ఖర్చు పెరుగుతుందట.

ప్రశ్న (మరొకరు, 41 ఏళ్లు):
డాక్టర్ గారూ, నాకు మడమను లోపలికి జరిపి రెండు స్క్రూలు వేస్తామన్నారు. ఇదీ అలాంటిదేనా?

జవాబు (ఎముకల వైద్యుడు):
కాదండీ. అది కుట్సోజియానిస్ అనే సర్జన్ 1971లో వివరించిన పద్ధతి. మడమ వెనుక భాగాన్ని కోసి సుమారు ఒక సెంటీమీటరు లోపలికి జరుపుతారు. అక్కడ వెనుక నుంచి వేసే స్క్రూలు బాగా పట్టు ఇస్తాయి. కానీ స్క్రూ తల మడమ వెనుక ఉబ్బెత్తుగా ఉంటే చెప్పు పట్టీ తగిలి నొప్పి పెడుతుంది. తల లేని స్క్రూలు దొరుకుతాయేమో అడగండి. పొగ తాగే అలవాటుంటే ఇప్పుడే మానండి. ఎముక అతకకపోతే ఏ స్క్రూ కూడా కాపాడలేదు.

ప్రశ్న (అబ్బాయి తండ్రి):
కృతజ్ఞతలు సార్. మా బావగారు మాత్రం ఎముక కోయకుండా చీలమండ కింద చిన్న బిళ్ల లాంటిది పెడితే చాలంటున్నారు. అలాగే, రెండు కాళ్లూ ఒకేసారి చేయించవచ్చా?

జవాబు (ఎముకల వైద్యుడు):
ఆ పద్ధతి ఉంది. చీలమండ కింద ఉండే సహజమైన సందులో ఇంప్లాంట్ పెట్టి, పాదం లోపలికి ఒరగకుండా ఆపుతారు. చిన్న కోత, త్వరగా నడక. కానీ ఆ సందులో నొప్పి వచ్చి తీయించుకునేవారు తక్కువేమీ కాదు. పైగా అది ఇంకా పెరిగే వయసు చాలా మిగిలి ఉన్న పిల్లలకు ఎక్కువగా చేసేది. మీ అబ్బాయి పాదం ఎంత వంగిందో ఎక్స్‌రే చూడకుండా నేను చెప్పలేను.

దానికంటే ముందు పిక్క సంగతి తేల్చుకోండి. మోకాలు చాచినప్పుడూ మడిచినప్పుడూ పాదం ఎంత పైకి లేస్తుందో, మడమను సరిగ్గా నిలిపి పట్టుకుని చూడమనండి. మోకాలు చాచినప్పుడు మాత్రమే లేవకపోతే పిక్క పైకండరం బిగిసినట్టు, మడిచినా లేవకపోతే పిక్కను మడమకు కలిపే స్నాయువే పొట్టిదైనట్టు. దాన్ని అదే ఆపరేషన్‌లో సాగదీయాలి. అది వదిలేస్తే ఖరీదైన ప్లేటు వేసినా నొప్పి మిగులుతుంది. ఇద్దరు డాక్టర్లలో ఈ పరీక్ష ఎవరు చేశారో గుర్తు చేసుకోండి.

రెండు కాళ్లూ ఒకేసారి చేయడం సాధ్యమే. కానీ కొన్ని వారాల పాటు పాదం నేల మీద మోపకూడదు కాబట్టి స్నానానికీ, మరుగుదొడ్డికీ అబ్బాయిని ఎత్తుకుపోవాలి. ఇంట్లో ఎత్తగలిగిన మనిషి లేకపోతే ఒక్కో కాలు చేయించండి, మొదటిది వేసవి సెలవుల్లో పెట్టుకుంటే బడి పోదు.