అప్‌డేట్: ‘ఇలాక్వియేషన్’ అర్థం, పుట్టుక తేలాయి

కంటి వైద్యం మీద పాత ఇంగ్లీషు పుస్తకంలో కనిపించిన ‘ఇలాక్వియేషన్’ అంటే ఏమిటని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనిచేసిన సలహా: మొదటి ‘ఇల్’ను విడదీసి, మిగిలిన భాగాన్ని లాటిన్ నిఘంటువులో వెతకమన్నది. అక్కడ ‘లాక్వెయుస్’ ఉంది. అంటే ఉచ్చు, జారుముడి. దాని ముందు ‘ఇన్’ చేరితే, పక్కనున్న లకారం వల్ల నకారం కూడా లకారమై ‘ఇల్’ అవుతుంది. ‘ఇల్లీగల్’లో లాగా ఇది వ్యతిరేకార్థం కాదు, ‘లోపలికి’ అని అర్థం. మొత్తంగా ఉచ్చులో పడేయడం, చిక్కించడం. శామ్యూల్ జాన్సన్ 1755లో తెచ్చిన ఇంగ్లీషు నిఘంటువులోనూ ఇదే అర్థం. లేస్, లాసో (పశువులను పట్టే ఉచ్చుతాడు) అనే ఇంగ్లీషు మాటలూ ఈ ఉచ్చులోంచే వచ్చాయి. ఎంత అందమైన చుట్టరికం!

వైద్య పుస్తకంలో మాత్రం ఇది ఒక పాత శస్త్రచికిత్స పేరు. కంటిలోకి తిరిగి గుచ్చుకునే రెప్పవెంట్రుక పక్కన సూదితో దారపు ఉచ్చును దూర్చి, వెంట్రుకను అందులో చిక్కించి, బయటివైపుకు లాగేవారు. నేను చదివిన వాక్యానికి సరిపోయింది ఈ అర్థమే.

వినడానికి దగ్గరగా ఉన్నా లిక్విడ్, ఈక్వేషన్‌లతో దీనికి సంబంధం లేదు. ఇంగ్లీషులో ఇంబ్రోలియో అన్నా చిక్కే, కానీ అది ఇటాలియన్ నుంచి వచ్చిన వేరే మాట.