ముల్లు, అరిటాకు సామెత: ‘వచ్చి’ అనాలా, ‘వెళ్ళి’ అనాలా?

— “ముల్లొచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు ...... ముల్లు మీద పడ్డా అరిటాకుకే నష్టం.” చుక్కలున్న చోట ‘వచ్చి’ అనాలా ‘వెళ్ళి’ అనాలా? నిన్న ఒక వేధింపుల వార్త కింద ఎవరో ఈ సామెత పెట్టి, అందుకే అమ్మాయిలు ఒంటినిండా బట్టలేసుకోవాలి అని తేల్చేశారు. సామెతలో బట్టల ఊసే లేదు కదా. పాత పాఠం తెలిసినవాళ్ళు చెప్పండి.

— ‘వెళ్ళి’ అండీ, అందులో సందేహం లేదు. ముల్లు ‘వస్తుంది’, ఆకు ‘వెళ్తుంది’ అంటే చెప్పే మనిషి ఆకు పక్కన నిలబడి మాట్లాడుతున్నట్టు. ఇది ఏ తల్లో కూతురి గురించి భయపడి అన్న మాట, తీర్పు చెప్పే మాట కాదు. రెండు చోట్లా ‘వచ్చి’ అంటే ఆ దగ్గరితనం పోతుంది.

— వచ్చి, వెళ్ళి కాదు, అసలు పట్టు ‘కే’ దగ్గరుంది. ‘ఆకుకే నష్టం’, అవధారణ, అంటే ఆకుకి మాత్రమే అని నొక్కి చెప్పడం. నష్టం ఎవరికో చెప్పింది గానీ తప్పెవరిదో చెప్పలేదు. నష్టం అన్న చోట తప్పు అని చదువుకునేవాళ్ళే దీన్ని అమ్మాయిల బట్టల మీదికి తోలుతున్నారు.

— అక్కా, సామెతకి అంత మంచితనం ఆపాదించకండి. ‘పడ్డా’ అన్న మాట చూడండి. పడడం అకర్మక క్రియ, పైగా దానంతట అది జరిగేది, అందులో కావాలని చేసినవాడు ఉండడు. ముల్లు గుచ్చుతుంది అనొచ్చుగా, అనలేదు. రెండూ పడ్డాయట, ఇద్దరూ సమానమేనట, ఆకే చిరిగిందట. మన వార్తల్లోనూ అంతే, ‘యువతి వేధింపులకు గురైంది’ అని రాస్తారు, వేధించినవాడు వాక్యంలోంచి ఎప్పుడో జారుకుంటాడు, ఇంక చదివేవాడికి మిగిలింది ఆమె ఒక్కతే కాబట్టి ఏం వేసుకుంది, ఎన్నింటికి బయటికొచ్చింది అని ఆమెనే తవ్వుతాడు.

— కర్తని ఎక్కడ పెట్టాలో తిక్కనని అడగాలి. ఉద్యోగపర్వంలో ద్రౌపది కృష్ణుడితో “ఈ వెండ్రుకలు వట్టి యీడ్చిన యా చేయి” అని మొదలుపెడుతుంది. తన జుట్టు విప్పి ఉందా ముడేసి ఉందా, తను ఏ చీరలో ఉంది, ఆ లెక్కే లేదు. ఈడ్చిన చెయ్యి. యుద్ధంలో ముందు ఆ చెయ్యి తెగాలి, తర్వాతే దుశ్శాసనుడి మిగతా ఒళ్ళు. ఆ సీసం ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

— ‘పట్టి’ కదా మాష్టారూ? వట్టి అంటే ఉత్త అని అర్థం రాదూ?

— వట్టి అనే చదవాలి. ప్రథమ మీది పరుషానికి గసడదవలు అని బాలవ్యాకరణ సూత్రం, అంటే ప్రథమా విభక్తి మాట తర్వాత క చ ట త పలు గ స డ ద వలు అవుతాయి, అలా ‘వెండ్రుకలు’ తర్వాత ప కాస్తా వ అయింది.

— ఆ సూత్రంలోనే బహుళం అన్నాడుగా చిన్నయసూరి, అంటే ఒకచోట అవుతుంది, ఒకచోట కాదు, కాబట్టి పట్టి కూడా తప్పు కాదు. యతి ఈ–యీలకి పడింది, ఛందస్సు కూడా దీన్ని తేల్చదు. పైగా తిక్కన బాలవ్యాకరణానికి సుమారు 600 ఏళ్ళ ముందువాడు, ఆ సూత్రంతో ఆయన్ని కొలవడం నాకు నచ్చదు.

— తిక్కన దాకా వెళ్ళారు, అంతకంటే ముందు సభాపర్వం చూడండి. వ్యాసుడి మూలంలో, ద్రౌపది తరఫున మాట్లాడిన వికర్ణుడికి కర్ణుడు ఏం జవాబిస్తాడు? ఆమెకి భర్తలు ఎక్కువమంది కాబట్టి బంధకి, అంటే కులట, అలాంటిదాన్ని సభకి తేవడంలో వింతేముంది, ఒంటిబట్టతో ఉన్నా అసలు బట్ట లేకపోయినా ఒకటే అంటాడు. ముందు నడవడి, ఆ వెంటనే బట్ట. ఇప్పటికీ అదే వరస. ఆమె తనంతట తాను ఒంటిబట్టతో సభకి రాలేదు, జుట్టు పట్టి లాక్కొచ్చారు, అది మాత్రం కర్ణుడి వాదనలో రాదు.

— కోర్టుల్లో కూడా ఆ వరస పోవడానికి చాలా కాలం పట్టింది. 2021లో అపర్ణా భట్ కేసులో సుప్రీంకోర్టు, బెయిల్ ఉత్తర్వుల్లో బాధితురాలి దుస్తులు, ప్రవర్తన, గతం గురించిన చర్చ రాకూడదని చెప్పింది. మరుసటేడే కేరళలో ఒక సెషన్స్ కోర్టు ముందస్తు బెయిలిస్తూ ఫిర్యాదు చేసినామె దుస్తులు లైంగికంగా రెచ్చగొట్టేవని రాసింది, ఆ మాటల్ని హైకోర్టు తొలగించింది. ఇక్కడ భాష తెలిసినవాళ్ళున్నారు కాబట్టి అడుగుతున్నా, ‘రెచ్చగొట్టే దుస్తులు’ అన్నప్పుడు కర్త ఎవరు? బట్ట! మనిషి చేసిన పనికి గుడ్డముక్క కర్త అయి కూర్చుంది.

— బాగా పట్టుకున్నారు. ‘కొట్టు’ చేరిన క్రియలన్నీ ఇలాగే ఉంటాయా? చెడగొట్టు, పోగొట్టు, ఎగ్గొట్టు...

— ఎగ్గొట్టు వేరే. దాన్ని ఇందులో కలపకండి. చెడు–చెడగొట్టు సరే, చెడడం ఒకరి వంతు, చెడగొట్టడం ఇంకొకరి వంతు. రెచ్చు–రెచ్చగొట్టు కూడా అంతే. రెచ్చినవాడు తన పనికి తనే కర్త, ఆ పక్కన ఎవరు ఏం కట్టుకున్నా సరే. ఆమెకి నచ్చి కట్టుకుంది, ‘కట్టుకుంది’లో ఆ ‘కొను’ ఆత్మార్థకం, తన కోసం అని.

— ఆత్మార్థకం అని అన్నిచోట్లా చెప్పలేం, ‘పడుకుంది’లో ఏ ఆత్మార్థం ఉంది? అయితే కట్టుకోవడం, వేసుకోవడం విషయంలో ఒప్పుకుంటా. మాష్టారూ, ఆ ‘వట్టి’కి తాళపత్ర పాఠం ఎవరైనా చూశారా?