మేనేజరంటే భయం ఉంటేనే పని జరుగుతుందా?

విశ్రాంత బ్రాంచి మేనేజరు:
బ్యాంకు శాఖ సక్రమంగా నడవాలంటే సిబ్బందికి మేనేజరంటే కొంత భయం ఉండి తీరాలన్నది నా అభిప్రాయం. పది దాటగానే హాజరు పట్టీ నా బల్ల మీదికి వచ్చేది. ఆ ఒక్క ఏర్పాటుతోనే ఆలస్యంగా రావడం నెల తిరగకుండా ఆగిపోయింది. మెతక మేనేజర్ల శాఖల్లో ఆడిట్ అభ్యంతరాలు ఏళ్ల తరబడి తేలకుండా ఉండిపోవడం మీరూ చూసే ఉంటారు.

క్యాషియరు:
హాజరు పట్టీ సంగతి నిజమే గాని, సార్, భయం మనిషిని వేళకు రప్పిస్తుందే తప్ప నిజం చెప్పించదు. ఒక సాయంత్రం నా కౌంటరు లెక్కలో రెండు వేలు తగ్గాయి. అంతకు ముందు వారమే తోటి క్యాషియరును మా మేనేజరు ఖాతాదారుల ఎదుట నిలబెట్టి కేకలేయడం కళ్లారా చూసి ఉన్నందువల్ల, నోరు మెదపకుండా నా జేబులోని నాలుగు ఐదువందల నోట్లు కట్టలో కలిపి, టాలీ అయిందని సంతకం చేశాను. ఆ పూటే చెప్పి ఉంటే కెమెరా చూసి, ఎక్కువ అందుకున్నవారికి ఫోన్ చేసే వీలుండేది. తర్వాత వచ్చిన మేడం, తేడా వచ్చిందంటే ముందు తానే కుర్చీ లాక్కుని మా పక్కన కూర్చుని వోచర్లు తిరగేసేవారు. ఆవిడ ఉన్నన్నాళ్లూ నేను ఒక్క తేడా దాచలేదు.

మేనేజ్‌మెంట్ అధ్యాపకురాలు:
మనస్తత్వ శాస్త్రవేత్తలు కర్ట్ లెవిన్, రొనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ 1939లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. అమెరికాలోని అయోవాలో మాస్కుల్లాంటివి తయారుచేసే పదేళ్ల వయసు పిల్లల క్లబ్బులను మూడు రకాల నాయకుల చేతుల్లో పెట్టి చూశారు. అన్నీ తానే శాసించే నాయకుడి కింద పనికి కొదవ లేదు, కాని ఆయన గది దాటగానే అది చతికిలబడేది. పిల్లలతో కలిసి నిర్ణయించిన నాయకుడు బయటికి వెళ్లినా పని సాగేది. ఏమీ పట్టించుకోని నాయకుడి కింద మాత్రం పని అంతంతమాత్రమే. మేనేజరు గారు మెతకదనం అంటున్నది బహుశా ఈ మూడో రకాన్నే. మాస్కులు చేసే పిల్లలను బ్యాంకు సిబ్బందితో పోల్చడం కాస్త సాహసమేనని ఒప్పుకుంటాను.

విశ్రాంత బ్రాంచి మేనేజరు:
పట్టించుకోకపోవడం వేరు, కలుపుకుపోవడం వేరు. నేను ఆ రెంటినీ ఒకే గాటన కట్టాను. హాజరు పట్టీ విషయంలో మాత్రం నా మాట మారదు. ఇక క్యాష్ సంగతి అంటారా, నా శాఖలో ఏళ్ల తరబడి రూపాయి తేడా లేకుండా టాలీ అయ్యేది. అది నా క్రమశిక్షణ ఫలితమనే ఇన్నాళ్లూ నలుగురికీ చెప్పుకుంటూ వచ్చాను.