అంకెల బొమ్మల పుస్తకాల మూల: వార్షికోత్సవ సన్నాహాలు

పుస్తక పఠన బాధ్యురాలు:

అందరికీ నమస్కారం. ఈసారి మన సంఘం వార్షికోత్సవంలో ఆరేళ్ల లోపు పిల్లల కోసం అంకెల బొమ్మల పుస్తకాల మూల ఒకటి ఏర్పాటు చేయాలని కార్యవర్గం నిర్ణయించి, ఆ బాధ్యత నాకు అప్పగించింది. ఎలా చేద్దామనుకుంటున్నానో వివరంగా రాస్తున్నాను. అభ్యంతరాలుంటే మొహమాటపడకుండా చెప్పండి. వేడుక రోజున హడావుడిగా సర్దుకోవడం కంటే ఇప్పుడే తేల్చుకోవడం మేలు.

ముందుగా పోయినసారి నేను చేసిన పొరపాటు చెప్పాలి. ముప్పై మంది పిల్లలను ఒకేచోట కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి, ఒక్క పుస్తకాన్ని ఎత్తి పట్టుకుని చదివాను. ముందు వరుసలోని వారికి తప్ప ఎవరికీ బొమ్మలు సరిగా కనిపించలేదు. నిండుగా బొమ్మలు వేసిన పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, ముఖం దగ్గరగా వంచి చూడాలి. ఆకు చాటున దాగిన పిట్ట తోక అప్పుడే కంటపడుతుంది. వెనక కూర్చున్న పిల్లలు నా గొంతు వెంబడి ఒకటి, రెండు, మూడు అని వల్లించారే గాని, దేన్నీ లెక్కపెట్టలేదు.

అంతా అయిపోయాక నాలుగేళ్ల పాప ఒకతె వచ్చి నా పక్కన కూర్చుని చెరువు బొమ్మ ఉన్న పేజీ తెరిచింది. నీటి మీద ఐదు బాతులు, వాటి కింద వాటి నీడలు. పాప ఒక్కొక్కదాని మీద వేలు ఆన్చి, తొందరపడకుండా, ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టింది. “కాదమ్మా, ఐదే” అని నేను పేజీ తిప్పేశాను. పాప నా చేతి కింద నుంచి మళ్లీ ఆ పేజీ లాక్కుని, “నీళ్లలో ఉన్నవి బాతులు కావా?” అని అడిగింది. ఇంతలో వేదిక మీది నుంచి పిలుపు రావడంతో జవాబు చెప్పకుండానే లేచిపోయాను. అందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఆ పాప ఒక్కదాన్ని వదల్లేదు, ఒక్కదాన్ని రెండుసార్లు ముట్టుకోలేదు. ఆమె లెక్క తప్పు కాదు. వేటిని లెక్కలోకి తీసుకోవాలన్నది మేమిద్దరం కలిసి మాట్లాడుకోవలసిన విషయం.

రోచెల్ గెల్మన్, సి. ఆర్. గాలిస్టెల్ అనే పరిశోధకులు 1978లో వెలువరించిన పుస్తకంలో, లెక్కపెట్టడంలో ఇమిడి ఉన్న సూత్రాలను ఐదుగా విడదీసి చూపారు. ఒక్కో వస్తువుకు ఒక్కటే అంకె పలకాలి, అంకెల వరుస ఎప్పుడూ మారకూడదు, చివర పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుంది, దేన్నయినా లెక్కపెట్టవచ్చు, ఎటు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. వీటిలో మూడోది పిల్లలకు ఆలస్యంగా అందుతుంది. ఐదు దాకా చక్కగా లెక్కపెట్టిన పిల్లవాణ్ని “మరి ఎన్ని ఉన్నాయి?” అని అడిగితే, జవాబు చెప్పడానికి బదులు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. వాడికి వరుస వచ్చింది, మొత్తం అన్న ఊహ ఇంకా రాలేదు. కాబట్టి పుస్తకం చూపించే ప్రతివారూ ముందు “ఇక్కడ మూడు పిట్టలున్నాయి” అని చెప్పి, వెంటనే వేలితో తాకుతూ లెక్కపెట్టి, “మొత్తం మూడు” అని ముగించాలని కోరుతున్నాను. ఆ తర్వాత ఆగండి. పిల్లలు బొమ్మలో ఇంకేదో చూపిస్తే దాని వెంట వెళ్లండి. ఇరవై నిమిషాల్లో నాలుగు పేజీలే అయినా నాకు సంతోషమే.

ఒక్కో పుస్తకం చుట్టూ ఐదుగురు పిల్లలకు మించకుండా చూద్దాం. అందుకు ఆరుగురు వాలంటీర్లు కావాలి.

వేదిక ఏర్పాట్ల బాధ్యుడు:

ఆరు చాపలు పరచడానికి చోటుంది. అయితే మీరు అడిగిన మూల స్పీకర్లకు మరీ దగ్గర. అక్కడ మెల్లగా మాట్లాడితే వినపడదు. ప్రవేశద్వారం పక్కనున్న చిన్న గదిని ఇప్పిస్తాను. వెలుతురు కూడా అక్కడే బాగుంటుంది.

తెలుగు తరగతుల ఉపాధ్యాయురాలు:

మీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. ఒక్క మాట చేరుస్తాను. మన పుస్తకాలన్నీ జంతువులు, పిట్టలు, పువ్వులతోనే నిండితే పిల్లలకు తెలుగు లెక్కలో సగమే అందుతుంది. వస్తువులైతే ఎన్ని అంటాం, మనుషులైతే ఎందరు అంటాం. మూడు బంతులు, ముగ్గురు అమ్మాయిలు. ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలు “నాకు రెండు అన్నయ్యలు” అనడం తరగతిలో తరచు వింటుంటాను. సూత్రం చెప్పి దిద్దబోతే నోరు విప్పడమే మానేస్తారు. అదే ఒకే పేజీలో మూడు పిల్లిపిల్లలు, వాటితో ఆడుకుంటున్న ముగ్గురు పిల్లలు ఉన్నారనుకోండి, ఆ తేడా చెవికి దానంతటదే పట్టుబడుతుంది. ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు అనే వరుసకు వినసొంపైన నడక కూడా ఉంది. కనుక మనుషులున్న పుస్తకం ప్రతి చాప మీదా ఒకటైనా ఉండాలని నా విన్నపం.

కొత్తగా చేరిన వాలంటీర్:

ఆంటీ, నమస్కారం. నాకు తెలుగు మాట్లాడటం బాగానే వచ్చు కానీ గడగడా చదవలేను. ఈ సందేశం కూడా అమ్మ సహాయంతో రాస్తున్నాను. నేను కూడా ఒక చాప దగ్గర కూర్చోవచ్చా?

పుస్తక పఠన బాధ్యురాలు:

తప్పకుండా కూర్చోమ్మా. నీ కోసమే అన్నట్టు మాటలే లేని పుస్తకం ఒకటి ఉంది. జపాన్ చిత్రకారుడు మిత్సుమాసా అన్నో గీసిన ‘అన్నోస్ కౌంటింగ్ బుక్’ సున్నతో, అంటే మంచు కప్పిన ఖాళీ నేలతో మొదలవుతుంది. పేజీ తిప్పినకొద్దీ అదే చోట ఇళ్లు, చెట్లు, మనుషులు పెరుగుతూ, ఋతువులు మారుతూ పన్నెండు దాకా సాగుతుంది. చదవడానికి వాక్యాలు లేవు కనుక, చూసినదాన్ని నీ మాటల్లో చెబితే చాలు. ఎన్ని చెట్లు, ఎందరు మనుషులు అని అడగడానికి ప్రతి పేజీలోనూ వీలుంది కాబట్టి, ఉపాధ్యాయురాలు గారు కోరినదీ నెరవేరుతుంది. దీన్ని కాస్త పెద్ద పిల్లలున్న చాపకు ఉంచుదాం. మూడేళ్ల లోపు వారికి మూడు దాకానో ఐదు దాకానో వెళ్లే అట్టపేజీల పుస్తకాలు చాలు.

మిగిలిన చాపలకు ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ వారి ఆన్‌లైన్ పిల్లల పుస్తకాల భండారం స్టోరీవీవర్‌లోని తెలుగు బొమ్మల పుస్తకాలను పరిశీలిస్తున్నాను. అవి స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి కనుక, రచయిత, చిత్రకారుల పేర్లు తీసేయకుండా ముద్రించుకోవచ్చు. ముద్రణ చూసే మిత్రులకు ఒక మనవి: మెరిసే కాగితం వద్దు, దీపం వెలుగు పడితే బొమ్మ కనిపించదు. ఖర్చు తగ్గించడానికి నలుపు తెలుపులో మాత్రం వేయకండి.

గది మార్పుకు నా పూర్తి సమ్మతి. ఉపాధ్యాయురాలు గారూ, వాలంటీర్లందరికీ ఎన్ని, ఎందరు తేడాను ఒకసారి మీరే అభ్యాసం చేయించాలి.

చెరువు బొమ్మ ఉన్న పుస్తకం నా దగ్గరే ఉంది. ఆ చాప నాకు వదిలేయండి. ఆ పాపకు ఇప్పుడు ఐదేళ్లు వచ్చి ఉంటాయి; ఆ కుటుంబం నమోదు చేసుకుందో లేదో ప్రవేశం దగ్గరి మిత్రులు చూసి నాకు చెప్పగలరు.