మంగలి కత్తి కొన వైపు పదును రావడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (పెరంబూరు, చెన్నై)

మా తాతగారి షెఫీల్డ్ (ఇంగ్లండులో తయారైన) మంగలి కత్తి నా దగ్గర ఉంది. అంచు ఎక్కడా పెచ్చులూడలేదు, తుప్పు మచ్చలు వెన్ను దగ్గరే ఉన్నాయి. 1000, 8000 గ్రిట్ల (ఈ అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు) నీటిరాళ్లు తెప్పించుకుని, 1000 రాయి మీద కొద్దిగా, 8000 రాయి మీద చాలాసేపు నూరి, తోలుపట్టీకి కూడా పట్టించాను. పిడి వైపు బాగానే తెగుతోంది గాని, కొన వైపు మాత్రం గడ్డాన్ని పీకుతోంది. సైకిలు మీద వచ్చి సానపట్టే అతనికి ఇమ్మని ఇంట్లో అంటున్నారు. ఇవ్వవచ్చునా?

జవాబు (మల్లేశ్వరం, బెంగళూరు)

దయచేసి ఇవ్వకండి. గిర్రున తిరిగే పొడి చక్రానికి ఆనిస్తే అంత పలుచని అంచు క్షణంలో వేడెక్కి గట్టిదనం కోల్పోతుంది. అలా మెత్తబడిన ఉక్కును ఎంత నూరినా పదును నిలవదు. అతను కూరగాయల కత్తులకు చేసే పని వేరు.

మీ కత్తి విషయానికి వస్తే, 8000 రాయి ఉన్న అంచును నునుపు చేస్తుందే తప్ప లేని అంచును పుట్టించలేదు. అంచుకు రెండు వైపులా రాయి అరగదీసిన వాలులూ పిడి నుంచి కొన దాకా ఒకే గీతలో కలిసేవరకు 1000 రాయిని వదలకూడదు. అంచుకు రెండు వైపులా మార్కర్ సిరా పూసి, వెన్నూ అంచూ రెండూ రాతికి ఆనేలా కత్తిని పరచి, అంచు ముందుండేలా ఒక్కసారి తోసి చూడండి. సిరా మిగిలిన చోట రాయి తగలలేదన్న మాట. కొన దగ్గరే మిగులుతుందని నా అంచనా.

జవాబు (అంబత్తూరు, చెన్నై)

పై సలహా సరైనదే గాని, ముందు రాయి చదునుగా ఉందో లేదో చూసుకోవాలి. రాతిపై పెన్సిలుతో గళ్లు గీసి, డైమండ్ ప్లేటుతో (వజ్రపు పొడి అంటించిన చదునైన లోహపు పలక) నీళ్లు పోస్తూ రుద్దండి. మధ్యలో గీతలు చెరగకపోతే అక్కడ గుంట పడిందని అర్థం. రాయి కత్తికంటే ఇరుకైనదైతే, పిడి వైపు మొదలుపెట్టి తోస్తూనే పక్కకు లాగి కొన దగ్గర ముగించాలి. 1000 నుంచి నేరుగా 8000కు వెళ్లడం నాకు నచ్చదు, మధ్యలో 3000 గానీ 4000 గానీ ఉంటే లోతు గీతలు త్వరగా పోతాయి. వెన్ను అరగకుండా ఇన్సులేషన్ టేపు అంటించేవారున్నారు. అంటిస్తే చివరి రాయి దాకా ఉంచాలి, లేకపోతే కోణం మారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

సిరా పరీక్ష చేశాను. కొన దగ్గర అంగుళం మేర, అంచును ఆనుకుని సన్నని నల్లగీత మిగిలింది. వేలితో కొంచెం నొక్కి నూరవచ్చునా?

జవాబు (మల్లేశ్వరం, బెంగళూరు)

గట్టిగా నొక్కితే పలుచని అంచు వంగిపోయి రాతికి సరిగా ఆనదు. 1000 రాయి మీద మాత్రం చేతి బరువు కొద్దిగా ఉండవచ్చు; 8000కు వచ్చేసరికి కత్తి బరువే చాలు. తోలుపట్టీ మీద మాత్రం దిశ తిరగబడుతుంది: వెన్ను ముందు నడవాలి, చివర తిప్పేటప్పుడు కూడా వెన్ను మీదనే తిప్పాలి, లేకపోతే తోలూ తెగుతుంది, అంచూ పోతుంది. చెన్నై గాలికి ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి వాడిన వెంటనే పొడిగా తుడిచి, కుట్టుమిషను నూనె పలుచగా రాసి, స్నానాల గదిలో కాకుండా బీరువాలో పెట్టండి.