ఎన్ఓ2 (నైట్రోజన్ డయాక్సైడ్) 40 లోపుంటే నల్గొండ గాలి బాగున్నట్టేనా?

పానగల్_వాసి: మన ఊరు ఎన్‌క్యాప్ (కేంద్రం పెట్టిన జాతీయ శుద్ధ గాలి కార్యక్రమం) లిస్టుకెక్కింది పీఎం10తోటి, అంటే దుమ్ముతోటి. నైట్రోజన్ డయాక్సైడ్‌తోటి కాదు. దానికి మన దేశంల ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. అంతకు లోపలుంటే పైసలు రోడ్లూడ్చుడు మీద పెట్టాలె గని, ఈ గ్యాసు లొల్లి ఎందుకు?

సీసా_బుడగ: ఆ 40 అన్నది 2009 నాటిది. డబ్ల్యూహెచ్ఓ 2021ల 10కి దించింది. అది పక్కన పెట్టినా, సగటు ఎట్లొస్తదో చూడన్నా. మనుషులు చేతితోటి కొలిచే మాన్యువల్ స్టేషన్ల వారానికి రెండు రోజులే, ఏడాదికి 104. సోడియం హైడ్రాక్సైడ్, సోడియం ఆర్సెనైట్ కలిపిన నీళ్లల్లకు గాలిని బుడగలుగా పంపుతరు, నాలుగు గంటలకో సీసా. తర్వాత రంగు తెప్పించి 540 నానోమీటర్ల వెలుగుల ఆ రంగు ఎంత చిక్కగుందో చదువుతరు. క్లాక్ టవర్ కాడ గంటసేపు బండ్లు ఇరుక్కుంటే ఆ గంట సీసాల కలిసిపోతది. ఆస్తమా ఉన్నోళ్లకు దమ్ము లేపేది ఆ గంటనే. డబ్ల్యూహెచ్ఓకు గంట పరిమితి 200 ఉంది, మనకు అసలు గంట పరిమితే లేదు.

పానగల్_వాసి: బండ్లకు పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటది కదా.

మిర్యాల_డీజిల్: డీజిల్ బండికి ఆ టెస్టుల పొగ ఎంత నల్లగుందో చూస్తరు, అంతే. ఎన్ఓఎక్స్ (ఎన్ఓ2 లాంటి నైట్రోజన్ ఆక్సైడ్లు) కొలవరు. బీఎస్6 లారీల దాన్ని విరగ్గొట్టేది డెఫ్ (డీజిల్ ఎగ్జాస్ట్ ఫ్లూయిడ్), పొగగొట్టంల చల్లే 32.5 శాతం యూరియా ద్రావణం. అగ్గువ పడ్తదని పొలానికేసే యూరియా కలిపిన్రనుకో, దాని వేపనూనె పూత, బైయూరెట్ అనే మలినం పోయి డెఫ్ చల్లే ఇంజెక్టర్ల గడ్డకడతయి. ఇంకొందరు ఎమ్యులేటర్ (అంతా సక్కగుందని బండి కంప్యూటర్‌ను నమ్మించే డబ్బా) పెట్టి డెఫ్ పనే బంద్ చేస్తరు. ఇంజిన్ ఏమీ తెల్వనట్టే నడుస్తది, సర్టిఫికెటూ వస్తది.

పానగల్_వాసి: మాస్క్ పెట్టుకుంటే?

సీసా_బుడగ: ఎన్95 దుమ్మునాపుతది, గ్యాసును ఆపదు. ఇది నీళ్లల్ల అంతగా కరగదు, అందుకే ముక్కుల, గొంతుల ఆగక సన్న శ్వాసనాళాల దాకా దిగుతది. ఇంట్ల గ్యాసు పొయ్యి మంటలనూ పుడతది, వండేటప్పుడు కిటికీ తెరవాలె. స్కూలు గేట్ల కాడ డిఫ్యూజన్ ట్యూబులు (లోపల పూసిన ట్రైఇథనాలమైన్ అనే రసాయనం ఈ గ్యాసును పట్టే చిన్న గొట్టాలు) కట్టాలె: రెండు మూడు మీటర్ల ఎత్తుల, మూతి కిందికి, నాలుగు వారాలు.

పానగల్_వాసి: అదీ సగటే కదా తమ్మీ! గంట లెక్క ఎక్కడిది?

సీసా_బుడగ: నిజమే, గంట దొరకదు. ఏ గేటు కాడ ఎక్కువుందో దొరుకుతది. ఒక్కో చోట మూడేసి కట్టి, మూత తియ్యని ట్యూబు ఒకటి పోల్చనీకి పెట్టాలె. ఎక్కువొచ్చిన చోటనే గంటగంటకు చదివే మెషీన్ పెట్టమని అడుగుదం.

పానగల్_వాసి: అడుగుండ్రి. ఊడ్చే మెషీన్ డబ్బులకెళ్లి మాత్రం కాదు.