షూటింగ్ లేని పాయింట్ గార్డ్: రాండో విషయంలో అసలు నష్టం ఎక్కడ?

ప్రశ్న (కోర్ట్‌విజన్)

బాస్కెట్‌బాల్ పాయింట్ గార్డ్ (జట్టు దాడిని నడిపించేవాడు) రాజన్ రాండో 2011-12, 2012-13, 2015-16 సీజన్లలో అసిస్టుల్లో (బుట్టలో పడ్డ షాట్‌కి ముందిచ్చిన పాస్‌లు) అమెరికా లీగ్ ఎన్‌బీఏ మొత్తానికీ ఫస్ట్. పాసింగ్‌కి వంక పెట్టలేం. కానీ లేకర్స్ జట్టుతో ఆడిన ఫైనల్స్‌లో, దూరం నుంచి షాట్ వెయ్యలేడని కోబీ బ్రయంట్ అతన్ని బయట వదిలేసి పెయింట్ (బుట్ట ముందున్న చోటు) దగ్గరే కాపు కాశాడు. షాట్ లేకపోతే పోయేది ఆ రెండు మూడు పాయింట్లేనా, పాస్‌లు కూడా దెబ్బతింటాయా? కోచ్ ఏం చెయ్యొచ్చు?

జవాబు (బేస్‌లైన్)

ముందు దెబ్బతినేవి పాస్‌లేనండీ. పిక్ అండ్ రోల్‌నే తీసుకోండి: జట్టు మనిషి ఒకడు డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడి (అదే స్క్రీన్), తర్వాత బుట్టవైపు దూసుకెళ్తాడు (అదే రోల్). బంతి షూటర్ దగ్గరుంటే డిఫెండర్ స్క్రీన్ పైనుంచి (షూటర్‌కీ స్క్రీన్‌కీ మధ్యలోంచి) వెంటపడాలి. ఆ క్షణంలో ఒక అడుగు వెనకబడతాడు, స్క్రీనర్‌ని కాపు కాసే బిగ్ మ్యాన్ (పొడుగు ఆటగాడు) ముందుకొచ్చి ఆపాలి, రోల్ అయ్యేవాడు ఖాళీ. పాస్ అక్కడ పుడుతుంది. షాట్ వెయ్యనివాడైతే డిఫెండర్ స్క్రీన్ కిందనుంచి (స్క్రీనర్ వెనక, బుట్టవైపునుంచి) జారుకుని అవతలివైపు మళ్ళీ ఎదురుగా ఉంటాడు. సాయానికి ఎవరూ కదలక్కర్లేదు, మూలల్లోని షూటర్లను ఎవరూ వదలరు. ఎంత చూపున్నా, ఖాళీగా ఒకడుంటేనే కదా పాస్!

రాండో దీనికి తన దారి తాను వెతుక్కున్నాడు. లేఅప్‌కి (బుట్ట దగ్గరికెళ్ళి వేసే షాట్) వెళ్తూ ఒంటి చేత్తో బంతిని వీపు వెనక్కి తిప్పి, పాస్ ఇస్తున్నట్టే చూపించేవాడు. బుట్ట దగ్గర కాపు కాసే సెంటర్ అటు తిరగ్గానే బంతి మళ్ళీ ముందుకొచ్చి బోర్డుకి తగిలేది. పెద్ద అరచేతులు, దానికి మించి ధైర్యం కావాలి. చూడ్డానికి ఎంత బాగుంటుందో!

జవాబు (రీస్క్రీన్)

కోచ్ చెయ్యగలిగింది చాలానే ఉంది. మొదటిది స్క్రీన్ పెట్టే చోటు. 7.24 మీటర్ల త్రీ పాయింట్ లైన్ దగ్గర పెడితే కిందనుంచి రావడానికి డిఫెండర్‌కి బోలెడు చోటు. దాన్ని ఫ్రీ త్రో (ఫౌల్‌కి దొరికే ఉచిత షాట్) లైన్ దాకా దించండి. అప్పుడు కిందనుంచి వచ్చినా గార్డ్ అప్పటికే ఫ్లోటర్ (పరుగులో పైకి లేపి వేసే దగ్గరి షాట్) దూరంలో ఉంటాడు. అయినా ఎదురొస్తే స్క్రీనర్ అక్కడే తిరిగి రెండోవైపు ఇంకో స్క్రీన్ పెట్టాలి. రెండుసార్లు కిందనుంచి తప్పించుకోవడం కష్టం.

ఇక డిఫెండర్ వదిలిన ఖాళీలోకి పరుగెత్తాలి. ఆగి ఆలోచిస్తే అతను సర్దుకుంటాడు. పాస్ ఇచ్చాక గార్డ్‌ని మూలన నిలబెట్టడం శుద్ధ దండగ. అతనే వెళ్ళి షూటర్‌కి స్క్రీన్ పెట్టాలి. అతని డిఫెండర్ ఎలాగూ దూరంగా ఉన్నాడు, షూటర్ మీదికి రావడం ఆలస్యమవుతుంది.

జవాబు (ఫ్రీత్రో)

షూటింగ్ బాలేదు అనేముందు ఫ్రీ త్రోలు చూడండి. ఇంకో పాయింట్ గార్డ్ రికీ రూబియో మొదటి సీజన్, 2011-12లో ఫీల్డ్ గోల్స్ (ఆట నడుస్తుండగా వేసే షాట్లు) సుమారు 36 శాతం, ఫ్రీ త్రోలు మాత్రం 80. అంటే చెయ్యి బాగానే ఉంది. రిమ్ (బుట్ట అంచు) దగ్గర ముగింపు, డ్రిబుల్ మీంచి వేసే షాట్లలోనే లోపం. రాండో కెరీర్ ఫ్రీ త్రోలు 60 శాతం చుట్టుపక్కల. అక్కడ బంతి విడుదల నుంచే సరిచెయ్యాలి.

ఫ్రీ త్రో భయముంటే ఇంకో చిక్కు: ఫౌల్ అవుతుందని రిమ్ మీదికే వెళ్ళరు. 2021 ప్లేఆఫ్స్‌లో ఫ్రీ త్రోలు 34 శాతమే వేసిన ఫిలడెల్ఫియా గార్డ్ బెన్ సిమన్స్, అట్లాంటాతో ఏడో మ్యాచ్‌లో బుట్ట కిందుండీ బంతి పక్కకిచ్చేశాడు.

బాగుపడొచ్చా అంటే, పాయింట్ గార్డ్ జేసన్ కిడ్‌ని చూడండి. జంప్ షాట్ లేదని మొదట్లో ఎగతాళి చేశారు. 2013లో రిటైరయ్యేనాటికి 1,988 త్రీలు. కెరీర్ చివర్లో డాలస్‌లో వేసినవి ఎక్కువగా పాస్ అందుకుని, కాళ్ళు నిలదొక్కుకుని వేసినవే. మొదలుపెట్టాల్సింది ఆ షాట్‌తోనే, డ్రిబుల్ షాట్ తర్వాత.